బాలింత పులి

ఆరో తరగతిలో మా లెక్కల మాస్టారు నేను చేసిన లెక్క చూసి, "నువ్వు అడవిలో తప్పిపోయినా భయం లేదురా, గడ్డి నిండిన బుర్రని పులి ముట్టుకోదు" అన్నారు. ఆ ఏడే బడి మానేశాను. మాస్టారి మాట మాత్రం పొల్లుపోలేదు. ఎనభైల్లో, మాచర్ల అవతలి కొండల్ని పులుల కోసం కాపాడటం మొదలైన కొత్తల్లో, అటవీశాఖ జీపుకు డ్రైవరునయ్యాను. ఎంత తిరిగినా ఒక్క పులీ నా వంక తేరిపార చూడలేదు.

నేనూ దాన్ని సరిగ్గా చూసింది లేదు. మేము వెతికేది పులిని కాదు, దాని అడుగుల్ని. వాగు ఇసుకలో అడుగు కనబడితే చుట్టూ రేకుపట్టీ గుచ్చి, ప్లాస్టర్ కలిపి పోసి, ఆరాక అచ్చు తీసేవాళ్లం. కలపడం నా వంతు. ఒకసారి మరీ గట్టిగా కలిపితే మా రేంజరుగారు ఆ అచ్చు చేతిలోకి తీసుకుని, "ఇది పులి అడుగా, మీ ఆవిడ చేసిన ఇడ్లీయా?" అన్నారు.

"ఇడ్లీ ఇంత మెత్తగా ఉండదు సార్" అన్నాను.

ఆయన ఊరికే నవ్వే మనిషి కాదు. ఆ రోజు నవ్వారు. ఇంకోరోజు ఇంతకంటే విడ్డూరం జరిగింది, నాకు టీ ఇప్పించారు. ఆ పొద్దున వాగులో ఆడపులి అడుగుల పక్కనే గారెలంత చిన్న అడుగులు కనిపించాయి. పిల్ల! ఆయన ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని, ఇంట్లో మనవరాలు పుట్టినట్టు చూసుకున్నారు.

ఆ సంబరం తీరకముందే కబురొచ్చింది. అడవి అంచు పల్లెలో, అదే వాగు ఒడ్డునే, పాడిబర్రెను పులి చంపిందట. బర్రె ఆ ఊరి మంత్రసానిది. ఆమె పత్తికి కొట్టే పురుగుమందు డబ్బా తీసుకుని చేలోకి పోయిందని చెప్పారు. సంగతి మాకు వెంటనే అర్థమైంది. చంపినదాన్ని తినడానికి పులి మళ్లీ వస్తుంది. మందు పోసి ఉంచితే తల్లి పోతుంది. తల్లి పోతే పిల్లా పోతుంది. దారిలో రేంజరుగారు "ఇంకొంచెం తొక్కు" అని రెండుసార్లు అన్నారు.

ఆమె బర్రె తల దగ్గర నాపరాయి మీద కూర్చుని ఉంది. డబ్బా ఒళ్లోనే ఉంది. మూత తియ్యలేదు.

"సర్కారు చేత నష్టపరిహారం ఇప్పిస్తానమ్మా" అన్నారు రేంజరుగారు.

"ఇప్పిద్దువుగాని నాయనా. అది పాలిత్తదా?"

నా దగ్గర మాటకు కరువెప్పుడూ లేదు. మా వైపు పగవాడింటి బాలింతకైనా కూడు లేదనరు. ఈమేమో ఊళ్లో సగం మంది బాలింతలకు కాయం మందు నూరిపెట్టిన చెయ్యి. గురి చూసి వదిలాను.

"పెద్దమ్మా, ఆ పులి బాలింత."

"ఏందిరా అన్నావు?"

"బాలింత. చంటిపిల్ల తల్లి."

"నా బర్రె ఈని నెల కాలా. దూడ కొట్టంలో గొంతు పోయేదాకా అరుత్తంది. దీన్ని బాలింతన్నోడు ఒక్కడూ లేడే! కోరలుంటే బాలింత, కొమ్ములుంటే కాదంట్రా?"

నేను వాగు వైపు చెయ్యి చూపాను.

ఆమె లేచింది. "పిల్లుందన్నావుగా. ఏదీ, చూపించు."

వాగులోకి తీసుకుపోయాం. డబ్బా చంకలో పెట్టుకునే వచ్చింది. పెద్ద అడుగు పక్కన చిన్న అడుగు. వంగి, చిన్నదాని పక్కన బొటనవేలు ఆనించి, చెరిగిపోకుండా మెల్లగా తీసింది.

"తల్లి లేకపోతే ఇది బతుకుద్దా అయ్యా?"

"బతకదమ్మా" అన్నారు రేంజరుగారు. అధికారి గొంతు కాదది.

ఆమె నావైపు తిరిగింది. "దూడకైతే గంజి తాపి సాకుతా. దీనికి నువ్వు తాపుతావా?"

"నావల్ల కాదు పెద్దమ్మా."

"మరింక తల్లినే తాపనియ్." డబ్బా రేంజరుగారి చేతిలో పెట్టింది. "బర్రెని ఎవురూ కదిలించమాకండి. తిననీయండి దాన్ని."

జీపులో ఇంటిదగ్గర దించాం. దారిలో నా డ్రైవింగును పుట్టుపూర్వోత్తరాలతో సహా తిట్టింది. కొట్టం ముందు దిగి, అరుస్తున్న దూడ దగ్గరికి తిన్నగా పోయింది, మాకు వెళ్లొస్తామని చెప్పే సందు కూడా ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున బర్రె చుట్టూ పెద్ద అడుగులూ చిన్న అడుగులూ కలగలిసి ఉన్నాయి. ఆ రోజు ప్లాస్టర్ కుదిరినట్టు మళ్లీ ఎన్నడూ కుదరలేదు.

ఇంక నేను ఊరుకుంటానా? మాచర్ల బస్టాండు దగ్గర టీకొట్టులో చెప్పాను, మంగలి షాపులో చెప్పాను, జీపు బాగుచేసే సాయిబుగారికి ఇంజను కింద దూరి మరీ చెప్పాను. నేనన్నది ఒక్క మాట, పులి బతికింది! చెప్పిన ప్రతిసారీ ఆ మాట బరువు పెరిగేది, బర్రె మాత్రం కథలోంచి మెల్లగా జారిపోయేది.

కొన్నాళ్లకు ఆ ఊరి మీదుగా పోతుంటే మంత్రసాని దూడను నీళ్లకు తోలుకొస్తూ కనిపించింది. దూడ బలిసింది. ఆమె చెయ్యి అడ్డం పెట్టి జీపు ఆపింది.

"ఏరా అబ్బాయ్, నీ మాటతోనే పులి బతికిందని ఊరూరా చెప్పుకుంటన్నావంట?"

"అబద్ధమా పెద్దమ్మా?"

"ఆ పూట అది తిన్నది నీ మాటనా, నా బర్రెనా?"