ముద్ర పడ్డ నోటీసు

యూనివర్సిటీ ఆఫీసు టైపిస్టుది ఇరవై ఏళ్లుగా ఒకటే పద్ధతి. నోటీసు టైపు చేసి, అచ్చు తీసి, సంతకమూ ముద్రా వేయించి, ఆ కాగితాన్ని స్కాన్ చేసి వెబ్‌సైటులో పెడతాడు. చూపులేని ఒక విద్యార్థిని ఫోను మాత్రం దాన్ని చదవలేక "బొమ్మ" అని ఊరుకుంటుంది.

"టైపు చేసిందే పెట్టండి బాబాయ్, ఫోను చదివి వినిపిస్తుంది," అని ఆమె మూడుసార్లు అడిగింది.

"ముద్ర లేకపోతే ఎవరు నమ్ముతారమ్మా? నా కొంప ముంచకు."

పరీక్షను రెండు రోజులు ముందుకు జరిపారు. ఆ నోటీసూ బొమ్మగానే ఎక్కింది. ఆమె పాత తేదీకి వచ్చి, హాలు తలుపుకున్న తాళం తడుముకుంది.

మళ్లీ పరీక్ష పెట్టమన్న ఆమె అర్జీకి జవాబు టైపు చేసిందీ అతనే. ముద్ర తడి ఆరని కాగితం ఆమె చేతిలో పెట్టాడు.

"ఏం రాశారో చదవండి బాబాయ్."

"నోటీసు వెబ్‌సైటులో ఉంచాం గనక, మళ్లీ పరీక్ష పెట్టడం..." అని అతను ఆగిపోయాడు.