నార్వే కత్తి, నా తోడల్లుడు

మొన్న ఆదివారం మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. పార్కులో పిక్నిక్ బల్ల, దాని మీద పెద్ద పుచ్చకాయ, దాన్ని కోస్తూ నవ్వుతున్న మా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి భర్త. అందరూ చప్పట్లు, పూలు, నమస్కారాలు పంపారు. నేను మాత్రం ఫొటోను వేళ్ళతో పెద్దది చేసుకుని అతని చేతిలోని కత్తిని చూశాను. మెలికల గీతలున్న బర్చ్ కర్ర పిడి, అరిగి అరిగి సన్నబడిన బ్లేడు, దాని మీద కారుతున్న పుచ్చకాయ రసం. కోశాక వెంటనే తుడిచాడో లేదో అన్నది నాకు వచ్చిన మొదటి ఆలోచన. అసలు ఆ కత్తి అతని చేతిలో ఎందుకుండాలి అన్నది రెండోది. ఇన్నేళ్ళయినా ఆ రెండో ఆలోచన దగ్గర నా కడుపు మండుతూనే ఉంటుంది. అరవై దాటిన మనిషి ఒక కత్తి కోసం కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నాడంటే నవ్వొచ్చే మాటే. చదివేవాళ్ళు నా ఈడువాళ్ళు గనక, నవ్వినా అర్థం చేసుకుంటారన్న ధైర్యంతో రాస్తున్నాను.

నేను అమెరికా వచ్చింది 2001లో, రెడ్‌మండ్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నది ఆ తర్వాత రెండేళ్ళకి. అప్పట్లో సూట్‌కేసుల్లో మనం ఏమేం మోసుకొచ్చామో మీకు గుర్తుండే ఉంటుంది. ప్రెషర్ కుక్కరు తెచ్చుకున్నాం, ఇడ్లీ రేకులు తెచ్చుకున్నాం, నాలుగు కవర్లలో చుట్టిన ఆవకాయ తెచ్చుకున్నాం గాని, సైకిలు తొక్కుతూ వీధిలోకి వచ్చి కత్తులకు సానపట్టే మనిషిని మాత్రం తెచ్చుకోలేకపోయాం. వంటింటి కత్తి మొద్దుబారిపోయి టొమాటో కోస్తే రసమే గాని ముక్క రావడం లేదని మా ఆవిడ వారం రోజులు సణిగాక, ఒక శనివారం పొద్దున్న ఆ కత్తి తీసుకుని గుమ్మం ముందు సిమెంటు మెట్టు మీద కూర్చుని, మా ఇంట్లో పెద్దవాళ్ళు అరుగు అంచున రాసినట్టే బరబరా రాయడం మొదలుపెట్టాను.

ఆ చప్పుడుకి పక్కింటి గరాజ్‌లోంచి ఒక పెద్దాయన బయటికొచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, పొడుగ్గా, కాస్త వంగి ఉన్నాడు. పసిపిల్లవాణ్ణి ఎవరో కొడుతుంటే చూడలేని మనిషిలా వచ్చి, నా దగ్గర కత్తి అడిగి, బ్లేడు మీద బొటనవేలు అడ్డంగా ఆనించి చూసి, తనతో రమ్మని సైగ చేశాడు. ఆ శనివారం మొదలుకొని ఏడేళ్ళపాటు, ఊళ్ళో ఉన్న ఏ శనివారమూ నేను ఆ గరాజ్‌కి వెళ్ళకుండా ఉండలేదు.

ఆయన పడవలు చేసే వడ్రంగిగా పనిచేసి మానేసినవాడు. వాళ్ళ నాన్న నార్వే నుంచి చేపల పడవల మీద పనికి వచ్చి ఈ తీరాన స్థిరపడ్డాడట. భార్య పోయింది, కూతురు ఆరెగాన్‌లో ఉంది. గరాజ్ గోడకి వరసగా మేకులు, ఒక్కో మేకుకి ఒక్కో కత్తి, మొత్తం పదిహేడు. నార్వేవి, స్వీడన్‌వి, ఉత్తరాన రైన్‌డీర్లు మేపుకునే వాళ్ళవి. వేటాడటానికో పోట్లాడటానికో కాదు, నడుముకి కట్టుకుని తిరుగుతూ కర్ర చెక్కడానికి, తాడు కోయడానికి, రొట్టె మీద వెన్న రాసుకోవడానికి కూడా వాడుకునే పనిముట్లు అవి. అన్నిటికీ చివర, కాస్త ఎడంగా ఉన్నది వాళ్ళ నాన్న ఓడలో తెచ్చుకున్న కత్తి. రెండు తరాలు సానపట్టగా దాని బ్లేడు సగానికి అరిగిపోయింది. దాన్ని చూసిన మొదటి రోజే నా మనసు దాని మీద పడింది. ఇలాంటిది నాకుంటే అనుకోలేదు, ఇదే నాదైతే అనుకున్నాను. ఇంతకన్నా తేనెపూత పూసి చెప్పడం నాకు చేతకాదు.

ఆయన దగ్గర నేర్చుకున్నది కొంచెమే గాని, ఆ కొంచెం రావడానికి రెండేళ్ళు పట్టింది. ఆ కత్తులకు అంచుకి పైన వెడల్పాటి వాలు ఉంటుంది. ఆ వాలునంతా తడి రాయికి ఆనించి, పైకి లేపకుండా, ఒత్తకుండా నడిపించాలి. తొందరపడి ఒక్క వెంట్రుకవాసి లేపినా పదును గుండ్రబడిపోతుంది. ఆ తర్వాత తోలుపట్టీ మీద వెనక్కి లాగాలి. వాడగానే తుడవాలి, బ్లేడుకి పలచగా నూనె, పిడికి ఏడాదికోసారి అవిసె నూనె, ఒరకి తేనెమైనం. ఎప్పుడూ వాన పడే ఊరు గనక, కత్తిని ఒరలోనే పెట్టి మరిచిపోతే తోలు చెమ్మ పీల్చి లోపల్లోపలే తుప్పు పడుతుంది. తిరిగేటప్పుడు ఒర, ఇంట్లో మేకు అన్నది ఆయన సూత్రం. నేను గరాజ్ సేల్స్‌లో, ఎవరో పోయాక ఇంటి సామాను అమ్మేచోట్ల వెతికి వెతికి పదకొండు కత్తులు కొన్నాను. ఊళ్ళోవాళ్ళ తుప్పంతా మన ఇంటికే తెస్తున్నావని మా ఆవిడ అనేది. నేను ప్రతి కత్తినీ ఆయనకి చూపించేవాణ్ణి. ఆయన వెలుతురుకి పెట్టి చూసి, బాగుంటే "గుడ్" అనేవాడు. అంతే. ఆ ఒక్క మాట కోసం వారమంతా ఎదురుచూసేవాణ్ణి, ఆఫీసులో మేనేజరు మెచ్చుకున్నా అంత పట్టించుకునేవాణ్ణి కాదు.

2007లో మా తోడల్లుడికి న్యూజెర్సీ నుంచి ఇక్కడికి బదిలీ అయింది. వరంగల్ వైపు మనిషి, నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్న, ఎక్కడికెళ్ళినా పది నిమిషాల్లో పదిమందితో కలిసిపోయే రకం. నా గొప్ప చూపించుకుందామని నేనే అతన్ని గరాజ్‌కి తీసుకెళ్ళాను. కొరివితో తల గోక్కోవడమంటే అదే. రెండో వారానికే అతను బర్చ్ ముక్క తీసుకుని వెన్న రాసే చెక్క కత్తి ఒకటి చెక్కేశాడు. వంకరగా ఉంది, పిడి లావు, మొన సన్నం. దాన్ని చూసి పెద్దాయన పగలబడి నవ్వాడు. నాలుగేళ్ళలో నేను ఆయన నవ్వు వినలేదు. ఆ నవ్వు విన్నప్పుడు నాకు సంతోషం కలగాల్సింది, కలగలేదు.

ఇక చూసుకోండి. ఏకై వచ్చినవాడు మేకై కూర్చున్నాడు. నేను రోజూ కాఫీ తాగే నీలం కప్పులో ఒక శనివారం అతనికి కాఫీ ఇచ్చాడు పెద్దాయన. నేను సారు, మిస్టరు అని పిలిచే మనిషిని అతను "గ్రాండ్‌పా" అన్నాడు, ఆయన పలికాడు. నేను ఒక్క చుక్క నీరు మిగలకుండా తుడిచి మేకుకి తగిలిస్తే ఎవరూ చూడరు. అతను వాడిన కత్తి వాడినట్టే బల్ల మీద పడేసి ఫోన్ మాట్లాడుకుంటూ వెళ్ళిపోతే, పెద్దాయన తానే తుడిచి నూనె రాసేవాడు, పైగా చిన్నగా నవ్వుకునేవాడు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నవాడెవడో నా బాధ పడే ఉంటాడు. ఇంటికొచ్చి మా ఆవిడతో మీ మరిదికి పద్ధతి తెలియదంటే, పద్ధతి తెలియనివాళ్ళే అందరికీ నచ్చుతారు, మీరూ కాస్త నేర్చుకోండి అని అనేది. చెల్లెలి మొగుడు గదా, అంటుంది మరి.

2010 ఎండాకాలం నాటికి పెద్దాయన చేతులు వణకడం మొదలైంది. గోడ మీది కత్తులు ఒక్కొక్కటీ కూతురికి, పాత పనివాళ్ళకి వెళ్ళిపోతున్నాయి. ఒక శనివారం నేనొక్కణ్ణే ఉన్నాను. ఆయన వాళ్ళ నాన్న కత్తిని దించాడు, గుడ్డతో తుడిచాడు, బ్లేడు తన వేళ్ళ మధ్య పట్టుకుని పిడి నా వైపు తిప్పి చాపాడు.

నేనేం చేశానో చెప్పే ముందు మా అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. ఉప్పు, మిరపకాయలు, కత్తి, ఈ మూడూ మా ఇంట్లో ఎవరూ ఎవరి చేతికీ ఇవ్వకూడదు. చేతికిస్తే ఇద్దరి మధ్యా పగ వస్తుందని అమ్మ నమ్మకం. కింద పెట్టాలి, రెండోవాళ్ళు తీసుకోవాలి. చాలామంది ఇళ్ళలో ఉన్నదే. అమెరికాలో ఎన్నో వదిలేశాను గాని ఇది నా చేతిలో ఉండిపోయింది. ఏడేళ్ళుగా ఆ గరాజ్‌లో కూడా అలాగే చేసేవాణ్ణి. ఆయన సాధారణంగా కత్తిని బల్ల మీదే పెట్టేవాడు గనక ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఆ రోజు కూడా ఆలోచించకుండానే, అక్కడ పెట్టండి అని బల్ల మీద చేత్తో తట్టి చూపించాను. ఆయన ఒక్క క్షణం నా చేతివైపు చూశాడు. ఆ తర్వాత కత్తిని ఒరలో పెట్టి, తిరిగి మేకుకి తగిలించాడు. ఎప్పటిలా చూడమని ఇచ్చాడనుకున్నాను, చేతులు వణుకుతున్నాయి గనక మనసు మార్చుకున్నాడనుకున్నాను. ఇంకేదో మాట్లాడి ఇంటికొచ్చేశాను.

రెండు నెలల తర్వాత మా మరదలి ఇంట్లో పిల్లాడి పుట్టినరోజు. తోడల్లుడి నడుముకి ఆ కత్తి వేలాడుతోంది. ప్లేటు అలాగే బల్ల మీద వదిలేశాను. ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ మరుసటి శనివారం గరాజ్‌కి వెళ్ళలేదు, ఆ తర్వాతిదీ వెళ్ళలేదు. పక్కింట్లో ఉంటూ వెళ్ళకుండా ఉండటం ఎంత కష్టమో! చెత్తడబ్బా బయటపెట్టడానికి కూడా ఆయన గరాజ్ తలుపు మూశాకే వెళ్ళేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి కూతురు వచ్చి ఆయన్ని వాళ్ళ ఊళ్ళో ముసలివాళ్ళను చూసుకునే చోటుకి తీసుకెళ్ళిపోయింది. సామాను ట్రక్కు ఎక్కిస్తున్న రోజు కిటికీలోంచి చూశాను గాని కిందికి దిగలేదు. నా జీవితంలో సిగ్గుపడాల్సినవి రాసుకుంటే అది మొదటి వరసలో ఉంటుంది.

2013లో ఒక సాయంత్రం తోడల్లుడు మా ఇంటికొచ్చాడు. ఆ కత్తిని తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. వానాకాలమంతా ఒరలోనే ఉంచేశాడట. బ్లేడు మొదట్లో ఎర్రగా తుప్పు. మూడేళ్ళుగా మింగినదంతా నోటికొచ్చింది. ఇలాంటి మనిషికి అలాంటి కత్తి ఇచ్చినవాణ్ణి అనాలి అన్నాను. అతను తువ్వాలు మడిచి పక్కన పెట్టాడు.

"అన్నా, ఫస్ట్ నీకే ఇద్దామనుకున్నడంట. నువ్వు వద్దన్నవంట. అక్కడ పెట్టమని చెయ్యి చూపించినవంట. అందుకే నాకిచ్చిండు. నీకు తెలుసనుకున్న."

ఆ శనివారం బల్ల మీద తట్టిన నా చెయ్యి గుర్తొచ్చింది. అతను కత్తి నా ముందు పెట్టి, నువ్వే ఉంచుకో అన్నాడు, మనస్ఫూర్తిగానే అన్నాడు. వద్దన్నాను. ఆ వద్దనడం అమ్మ నమ్మకం వల్ల కాదు. ఇతను దానం చేస్తే నేను తీసుకోవడమా అన్న కుళ్ళు. తుప్పు మాత్రం నేనే తీశాను. సన్నటి రాయితో రెండు రోజులు పట్టింది, పిడి దగ్గర ఒక చిన్న గుంట మాత్రం మిగిలిపోయింది.

ఆ శనివారం మూడున్నర గంటలు డ్రైవ్ చేసి ఆరెగాన్ వెళ్ళాను. కత్తి తీసుకెళ్ళాను గాని, అక్కడ లోపలికి కత్తులు రానివ్వరని ముందుగదిలోని అమ్మాయి చెప్పింది, కార్లో పెట్టేసి వచ్చాను. పదిహేడు కత్తుల మధ్య బతికిన మనిషి ఒక కిటికీ పక్కన కూర్చుని, మొన లేని స్టీలు చాకుతో టోస్టు మీద జామ్ రాసుకుంటున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. నేను అంతా చెప్పాను. అమ్మ, ఉప్పు, మిరపకాయలు, పగ, నా చెయ్యి ఎందుకు చాపలేదో అన్నీ. నాకు వచ్చిన ఇంగ్లీషులో ఉప్పూ మిరపకాయలూ ఆయనకి ఎంత అర్థమయ్యాయో తెలియదు. చాకు పక్కన పెట్టి శ్రద్ధగా విన్నాడు.

"మన మధ్య పగ రాకూడదని చెయ్యి చాపలేదు. బాగుంది. మరి మూడేళ్ళు ఎందుకు రాలేదు?"

దానికి నా దగ్గర ఏ ఆచారమూ లేదు. అసూయ అన్నాను. మా తోడల్లుడంటే అసూయ, మీరు అతనితో నవ్వారని అసూయ, ఆ నీలం కప్పు అంటే కూడా అసూయ. అప్పటిదాకా ఆ మాట ఎవరితోనూ పైకి అనలేదు, మా ఆవిడతో కూడా. పెద్దాయన ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు. పక్క గదిలోంచి నర్సు తొంగి చూసేంత గట్టిగా నవ్వి, కళ్ళు తుడుచుకుని, నీ తమ్ముణ్ణి చూస్తే నాకు సరదా, కానీ కత్తి బతకాలంటే నీ దగ్గరే ఉండాలనుకున్నాను, అందుకే ముందు నిన్ను అడిగాను అన్నాడు. నేను ఏడ్చాను. ఏడవకుండా ఉండి ఉంటే బాగుండేది, కానీ ఏడ్చాను.

ఇంటికొచ్చి కత్తిని తోడల్లుడికే తిరిగిచ్చాను. ఆ తర్వాత రెండేళ్ళు, నెలకోసారి ఆరెగాన్ వెళ్ళాను. 2015లో పోయాడు. ఆ గరాజ్ ఉన్న ఇంట్లో ఇప్పుడు ఎవరో కొత్త దంపతులున్నారు. తలుపు కారు కోసం తెరుచుకుంటుంది, కారు లోపలికెళ్ళగానే మూసుకుపోతుంది. శనివారాలు నా కత్తులు నేనే దించి, తుడిచి, నూనె రాసి, వెలుతురుకి పెట్టి చూసుకుంటాను. బాగానే ఉంటాయి. నేను ఇప్పుడు ఆయన కన్నా బాగా సానపడతానేమో కూడా. అసూయ మంచిది కాదని చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నారు, నిజమే. కాని ఆ గరాజ్‌లో నేను అంతగా మండిపోయింది ఎవరి పక్కన కూర్చునే చోటు కోసమో తలుచుకుంటే, మళ్ళీ అలా మండిపోవాలనిపిస్తుంది. అక్కడ కూర్చుని కుళ్ళుకున్నందుకు నాకు పెద్దగా బాధ లేదు. కుళ్ళుకుని వెళ్ళడం మానేసిన మూడేళ్ళే, ఆ శనివారాలే, ఎక్కడా దొరకవు.