మూడు ముక్కల సాక్ష్యం

సర్కారు నౌకరీ పరీక్షలకు చదువుతూ అశోక్‌నగర్ హాస్టల్లో నలుగురం ఒకే గదిలో పడుకునే ఆ రోజుల్లో మాకు తెలియని విషయం లేదు. రాజ్యాంగంలో ఏ అధికరణం ఏం చెబుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లం. పక్క గదిలో ఎవరికి జ్వరమొచ్చిందో మాత్రం తెలిసేది కాదు. మా గదికి పెద్ద వాయిదా అన్న (ఆరేళ్లుగా ఆయన రాయబోయే పరీక్ష ప్రతిసారీ వాయిదా పడటం వల్ల వచ్చిన బిరుదు, అసలు పేరు వాళ్లమ్మకు తప్ప ఎవరికీ గుర్తులేదు). ఆయన దగ్గర ఒక పాత లాప్‌టాప్, అందులో ఒకే ఒక్క సినిమా ఉండేవి. నలుపు తెలుపు కోర్టు సినిమా. పేరు చెప్పను, మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే ఏదో ఒకటి చెబుతారు. ఒక పేదరాలిని బోనులో నిలబెడతారు, ఊరంతా తప్పు ఆమెదే అంటుంది, చివర్లో నల్లకోటు హీరో లేచి పావుగంట మాట్లాడతాడు. జడ్జి కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం అది చూసి మేమూ కళ్లు తుడుచుకునేవాళ్లం. ఆ పావుగంట ప్రసంగం నాకు పొల్లు పోకుండా వచ్చు. సమాజం గురించి నాకు తెలిసిందంతా కూడా ఆ పావుగంటే.

మా మెస్సులో రొట్టెలు చేసే అక్కది పాలమూరు వైపు. ఆమె భర్త పక్క సందులో కడుతున్న అపార్ట్‌మెంట్‌లో కూలిపని చేసేవాడు. రోజూ పొద్దున ఏడింటికి టీ బండి దగ్గర నాకు కలిసేవాడు. ఒకరోజు అలాగే కలిశాడు, ఇద్దరం చాయ్ తాగాం. "తమ్మీ, నీ నౌకరి ఎంతదాంక వచ్చింది?" అని అడిగాడు. "వస్తది అన్నా" అన్నాను. (అది రావడానికి మరో ఐదేళ్లు పట్టింది.) నేను చిక్కడపల్లి లైబ్రరీకి పోయాను, ఆయన నాలుగో అంతస్తుకు పోయాడు. పది దాటాక అక్కడినుంచి పడి ప్రాణం విడిచాడు. సాయంత్రం నేను హాస్టల్‌కు వచ్చేసరికి మెస్సుకు తాళం వేసి ఉంది.

కేసు కార్మికుల కోర్టుకు వెళ్లింది. కట్టుకోవడానికి తాడు కూడా ఇవ్వని కాంట్రాక్టరు, మనిషి తాగి పడ్డాడని రాసిచ్చాడు. అక్క ఆ కాగితం మడత పెట్టుకుని మా గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "తమ్మీ, నా మొగడు జిందగీల కల్లు గుడ ముట్టలే. నా బిడ్డకు ఆరేండ్లు. రేపు సదువు నేర్చినంక గీ కాయితం సదవదా? గా ఒక్క మాట తీసేయిస్తే సాలు" అంది. కాంట్రాక్టరుకు భయపడాల్సిన పని లేనివాళ్లలో, ఆ పొద్దున ఆయనతో మాట్లాడిన మనిషిని నేనొక్కడినే. టీ బండివాడు ఆ కాంట్రాక్టరు జాగాలోనే బండి పెట్టుకున్నాడు కాబట్టి వాడికి ఏమీ గుర్తులేదట.

ఫీజు అడగకుండా కేసు పట్టిన ముసలి వకీలు ఒకాయన బర్కత్‌పురలో ఉండేవాడు. నన్ను కూర్చోబెట్టి వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు. "మూడే ముక్కలు బేటా. పొద్దుగాల ఏడింటికి కలిసిన. ఇద్దరం చాయ్ తాగినం. మనిషి మంచిగున్నడు, మందు వాసన లేదు. గంతే. చెప్పు, దిగు." నాకు ఎంత నిరాశ కలిగిందో చెప్పలేను. మూడు ముక్కలకు నేనెందుకు? గదికొచ్చి చెబితే వాయిదా అన్నకు కూడా బాధేసింది. "ముసలాయన సైన్మ చూడలేదురా" అన్నాడు. ఇక రిహార్సల్స్ మొదలయ్యాయి. ఆయన దుప్పటి కప్పుకుని మంచం మీద జడ్జి, నేను కింద బకెట్ పక్కన సాక్షిని. మూడు ముక్కలకు బలం చాలదని, పడటం నేను కళ్లారా చూసినట్టు చెబుదామని కూడా ఆ గదిలోనే తీర్మానించాం. మంచి పని కోసమే కదా అనుకున్నాం. పరీక్షలో తెలియని ప్రశ్నకు కూడా రెండు పేజీలు నింపే జాతి మాది.

కోర్టు హాలు నారాయణగూడలోని మా కోచింగ్ సెంటర్ కంటే చిన్నది. ఫ్యాన్ చప్పుడులో ఎవరి మాట ఎవరికీ వినపడదు. అక్క సాక్ష్యం అయ్యాక, అరువు తెచ్చుకున్న తెల్ల చొక్కాతో బోనెక్కాను. మా వకీలు "ఆ దినం పొద్దుగాల ఏమైందో చెప్పు" అన్నాడు. నేను చేయెత్తాను. "అయ్యా, ఈ రోజు బోనులో నిలబడింది ఒక పేద కూలీ కాదు, మనమందరం" అన్నాను. జడ్జిగారు కాగితాల్లోంచి తల ఎత్తకుండా, "నిలబడింది మీరొక్కరే. అడిగింది చెప్పండి" అన్నారు. ఎవరో నవ్వారు. నేను ఆగలేదు. ఆగి ఉంటే బాగుండేది. తాడు లేదన్నాను, పరంజా కర్ర విరిగిందన్నాను, మా హాస్టల్ డాబా మీదినుంచి అంతా నా కళ్లతో చూశానన్నాను. ముసలాయన కళ్లు మూసుకోవడం కనిపించింది. చలించిపోయాడనుకున్నాను.

కాంట్రాక్టరు వకీలు చాలా మర్యాదగా లేచాడు. "మంచిగ చదువుతరా తమ్ముడు? ఎక్కడ చదువుతరు?" అన్నాడు. ఆ ప్రశ్న కోసం నా ప్రాణం ఎన్నేళ్లుగా ఎదురుచూస్తోందో. "చిక్కడపల్లి లైబ్రరీల సార్. ఎనిమిదింటికి తలుపు తీయంగనే రిజిస్టర్ల మొదటి సంతకం నాదే. పొద్దుమీకేదాంక కుర్చీ ఇడువ" అన్నాను. "ఆ దినం గుడ పోయిండ్రా?" "ఒక్క దినం నాగా లేదు సార్" అన్నాను, ఛాతీ విరుచుకుని. ఆయన జడ్జిగారి వైపు తిరిగి ఇంకేమీ లేదన్నట్టు కూర్చున్నాడు. నేనేం చెప్పానో నాకు అర్థమయ్యేసరికి నన్ను దిగిపొమ్మన్నారు. చాయ్ మాట చెప్పనే లేదు.

తీర్పులో రెండో సాక్షి మాట నమ్మదగింది కాదని రాశారు. తాగి పడ్డాడన్న మాట అలాగే ఉండిపోయింది. వరండాలో అక్క నన్ను తిట్టలేదు, శాపం పెట్టలేదు. "తిన్నవా తమ్మీ?" అని అడిగింది. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

ఇప్పుడు నేను నారాయణగూడలో ఒక ఆఫీసులో గుమాస్తాను. సందు చివర అక్కది సొంత రొట్టెల కొట్టు. వారానికి రెండుసార్లు వెళతాను. మొన్న పెనం దగ్గర ఆమె కూతురు నిలబడి ఉంది, లా చదువుతోందట. రొట్టెలు కాగితంలో చుడుతూ, తల ఎత్తకుండానే అడిగింది. "సార్, తీర్పు నకలు తీపిచ్చిన. చదివిన. రెండో సాక్షి మీరేనంట?"

"నేనే బిడ్డా."

"మా నాయిన ఆ పొద్దు తాగిండా?"

"తాగలే. ఏడింటికి కలిసిండు. ఇద్దరం చాయ్ తాగినం. మంచిగున్నడు, మందు వాసన లేదు."

ఆమె పొట్లానికి దారం కట్టింది. "గిదే చెప్తే అయిపోతుండె గద సార్" అని పొట్లం నా చేతిలో పెట్టింది. అక్క వెనక్కి తిరిగి పిండి పిసుకుతూనే ఉంది.

పొట్లం పట్టుకుని నడుస్తుంటే ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. అరువు చొక్కా, ఎత్తిన చెయ్యి, జడ్జిగారు ఎప్పుడు కళ్లద్దాలు తీస్తారా అని చూసే చూపు. వాణ్ణి తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. కానీ ఆ నవ్వు రావాలంటే, ముందు అక్క కొట్టున్న ఆ సందు దాటాలి.