సీలు విప్పని శాక్సోఫోన్

ఆ మనిషి పేరు నేను అడగలేదు, అడగాలనిపించలేదు. నిజామాబాద్‌లో బోధన్ బస్సెక్కాం. నాకూ అతనికీ మధ్య రెంజల్ పోయే ఒక అవ్వ కూర్చుంది. అతని ఒళ్లో ప్లాస్టిక్ సీలు కూడా విప్పని పాత జాజ్ రికార్డు ఉంది. శాక్సోఫోన్ ఆల్బంలు పోగుచేసే పిచ్చి నాకూ ఉంది. ఆ ఒక్క రికార్డు కోసం ఏళ్లుగా తిరుగుతున్నాను. ఆశపడి చెయ్యి చాపితే అతను వెనక్కి లాక్కుని, నా వేలు తగిలిన మూలను రుమాలుతో తుడిచాడు.

"రికార్డు మీద రెండో వైపు సౌండు ఎట్లుంటదన్నా?" అని అడిగాను.

"విన్లేదన్నా. సూది తగిలితే ఖరాబైతది. ఇంట్ల గిసుంటియి అల్మారి నిండ ఉన్నయి. ఒక్కటి గూడ విప్పలే," అన్నాడు గర్వంగా.

నాకు ఒళ్లు మండింది. వండిన అన్నాన్ని అద్దాల బీరువాలో పెట్టి చూసుకునే రకం అనుకుని మొహం తిప్పుకున్నాను. చెరుకు ట్రాక్టర్ల వెనక బస్సు ఆగి ఆగి నడుస్తోంది.

"గండ్ల ఏమున్నది బిడ్డా?" అని అవ్వ ఆ రికార్డు వైపు చూపించి నన్నడిగింది.

అదే ఆల్బం నా ఫోన్‌లో ఉంది. పాట పెట్టి ఒక ఇయర్‌ఫోన్ ఆమె చెవిలో ఉంచాను.

"ఓయవ్వ, మనిషి ఏడ్సినట్టే ఊదుతుండు!" అంది అవ్వ. కాసేపు విని, తీసి అతనికిచ్చింది. "నువ్వు గూడ ఇను బిడ్డా."

అతను కళ్లు మూసుకుని విన్నాడు.

"మస్తున్నదన్నా. ఎవల్దిది?"

"మీ ఒళ్లె ఉన్నదే గదన్నా," అన్నాను.

అతను అట్టమీది బొమ్మను చూశాడు. అవ్వ రెండుసార్లు చెయ్యి చాపినా, బోధన్ దాకా ఆ ఇయర్‌ఫోన్ ఆమెకు ఇవ్వలేదు.