చవక స్టడ్లు, చెక్క దిమ్మ

మా బావకి, అంటే మా ఆయనకి, పాత జీపుల పిచ్చి. సాలూరులో లారీ షెడ్డులో రోజంతా ఊళ్ళోవాళ్ళ ఇంజన్లు విప్పి, ఇంటికొచ్చి మళ్ళీ తన జీపు ఇంజనే విప్పేవాడు. ఒడిశా వైపు ఘాట్ ఎక్కేటప్పుడు జీపులన్నీ మూలుగుతూ ఎక్కుతాయి కదా, తనది మాత్రం గేరు మార్చకుండా ఎక్కిపోవాలి. అదీ కోరిక. అందుకోసం టర్బో పెట్టాడు, పిస్టన్లు మార్చాడు, డీజిలు పంపు పెంచాడు. అన్నిటికీ మంచి సరుకే తెచ్చి, హెడ్డు స్టడ్ల దగ్గరకొచ్చేసరికి చవక రకం తెచ్చాడు. ఇంజను మీద మూతలా ఉండే హెడ్డుని అదిమి పట్టుకునే పొడుగాటి ఇనప కడ్డీలు అవి. చూడ్డానికి తళతళలాడిపోతున్నాయి.

"అంత పవరుకి ఇవి ఆగుతాయా బావా?" అన్నాను. నాకు ఇంజన్ల సంగతి తెలీదు గానీ భయం సంగతి బాగా తెలుసు.

"లోపలుండేదానికి సోకేటే? బిగించడంలో ఉంటాది గానీ. ఒకసారి ఏడెక్కించి, సల్లారినాక ఇంకో పట్టు పడితే అవే కూకుంటాయి."

ఆ ఇంకో పట్టు పట్టడమే కుదర్లేదు.

ఆ రోజు మహర్నవమి. పొద్దున్నే ఇంజను వేడెక్కించి, చల్లారడానికి వదిలేసి బావ స్నానానికి వెళ్ళాడు. వచ్చేసరికి మా అత్త పనిముట్లన్నీ తుడిచి, దేవుడి గదిలో పీట మీద పేర్చేసింది. స్పానర్లు, స్టడ్లు బిగించే టార్కు రెంచి, జాకీ, అన్నీ. జీపు సీట్ల కింద ఉన్న సామాను కూడా ఒక్కటి వదల్లేదు. పసుపు రాసి బొట్లు పెట్టేసింది. మా ఇళ్ళల్లో ఆయుధపూజ పీట ఎక్కిన వస్తువుని మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా ఎవరూ ముట్టుకోరు.

"అమ్మా, ఆ రెంచి ఒక్కటీ ఇచ్చీ. ఎంతసేపే, ఇప్పుడే ఒగ్గేస్తాను."

"నోర్ముయ్. బొట్టెట్టినాక తీస్తావేట్రా? రేపు బిగించుకో."

బావ రెంచి వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు, తల తుడుచుకుంటూ పక్కకి తప్పుకున్నాడు. షెడ్డులో అందర్నీ గదమాయించే మనిషి! నాకు ఒళ్ళు మండిపోయింది, ఇద్దరి మీదా. "అయితే ఇవాళ బండి తియ్యకండి," అన్నాను. అంతే, తల్లీకొడుకులు ఒక్కటైపోయారు. పూజ చేసిన బండిని ఎవరైనా ఇంటి ముందు నిలబెట్టేస్తారా? నిమ్మకాయలు తొక్కించి, ఇంటిల్లిపాదీ ఎక్కి ఒక రౌండు కొట్టి రావాలి. ఊరి చివరి దాకానే అని బావ నా మీద ఒట్టేశాడు.

ఊరి చివర ఆగితే మా బావ ఎందుకవుతాడు! తిన్నగా ఘాట్ ఎక్కించేశాడు. ముందు సీట్లో అత్త. వెనక బెంచీ మీద నేను, నా ఒళ్ళో మా పాప, ఐదేళ్ళది. వెనక తెర చుట్టి కట్టేసి ఉంది, రోడ్డంతా కిందకి జారిపోతూ కనిపిస్తోంది. నిజం చెప్పాలి, జీపు ఎగిరినట్టే ఎక్కుతోంది. లారీలని దాటేశాడు. "సూసినావేటే!" అని వెనక్కి అరిచాడు. "మెల్లగా బావా, నీకు దండం పెడతాను," అంటూనే ఉన్నాను. పాప కళ్ళు మూసుకుని నా గుండెల మీద తల వాల్చేసింది. పోనీలే, నిద్రపోయింది, అదే మంచిది అనుకున్నాను.

పెద్ద మలుపు దగ్గర ముందు నుంచి బుస్సుమని చప్పుడైంది. అద్దం మీద తెల్లగా ఆవిరి కమ్మేసింది. ఇంజను రెండు ఎగురులు ఎగిరి ఆగిపోయింది. ఇంజను ఆగితే ఆ బ్రేకుకి బలం ఉండదు. ముందు పట్టినట్టే పట్టి, తర్వాత పెడలు రాయైపోయింది. హ్యాండు బ్రేకు పేరుకే ఉంది. గేరులో వేశాడు. హెడ్డు లేచిపోయిన ఇంజన్లో పట్టేముంటుంది, జీపు ఆగి ఆగి వెనక్కి దొర్లుతోంది.

"దిమ్మ! దిమ్మెయ్యే బేగి!"

దిమ్మంటే చక్రం వెనక అడ్డం పెట్టే చెక్క. మా జీపులో ఎప్పుడూ నా బెంచీ కిందే ఉంటుంది. ఒక చేత్తో పాపని పట్టుకుని, రెండో చేత్తో కింద తడిమాను. లేదు. ఆ మూల తడిమాను, ఈ మూల తడిమాను. ఉత్త రేకు. అప్పుడు కళ్ళ ముందుకొచ్చింది. దేవుడి గదిలో, పీట మీద, జాకీ పక్కన, పసుపు రాసుకుని బొట్టు పెట్టుకుని కూర్చున్న దిమ్మ.

"ఓలమ్మో, దిమ్మ ఇంట్లో ఉన్నాది!" అని ఏడ్చేశాను.

వెనక రోడ్డు అంచు కనిపిస్తోంది. దాని అవతల చెట్ల తలలు మా కాళ్ళ కన్నా కింద ఉన్నాయి. పాపని బయటికి విసిరేద్దామా అని కూడా అనుకున్నాను. ఎటు విసరను?

"కొండేపు! బావా, కొండేపు తిప్పు!"

ఆ అరుపు నాదేనని తర్వాత తెలిసింది. బావ స్టీరింగు మీద పడి తిప్పేశాడు. జీపు అడ్డంగా తిరిగి, కొండ పక్క కాలవలో దిగబడి, బండరాయికి గుద్దుకుని ఆగింది. నా మోచెయ్యి చీరుకుపోయింది. పాపకి గీత కూడా పడలేదు. కళ్ళు మూసుకునే ఉంది.

"గుంట ఎలగున్నాదే?" అంది అత్త, పాప వైపు తిరిగి.

"నిద్రపోతోంది."

"అమ్మతల్లి కాపాడినాది. దానికేటీ తెలీనేదు," అని రోడ్డు మీదే కూలబడి గుండెలు బాదుకుంది.

తర్వాత హెడ్డు విప్పి చూస్తే స్టడ్లు సాగిపోయి ఉన్నాయి, ఒకదాని మెడ సన్నబడిపోయి ఉంది. బావ దాన్ని తీసి తుక్కులో పడేశాడు. మంచి స్టడ్లు తెచ్చాడు, పంపు తగ్గించేశాడు. మరుసటి దసరాకి అత్త స్పానర్లన్నీ పీట ఎక్కించింది గానీ, దిమ్మకి మాత్రం తనే జీపు దగ్గరకెళ్ళి, సీటు కిందకి వంగి బొట్టు పెట్టి వచ్చింది. పాప ముందు ఆ మాట మేమెవరం ఎత్తలేదు. తెలీనిదాన్ని కొత్తగా భయపెట్టడం దేనికి?

మొన్న పాపని తీసుకుని శ్రీకాకుళం బస్సెక్కాను. కిటికీ పక్క సీటు చూపించాను. కూర్చోలేదు. వంగి, సీటు కింద చెయ్యి పెట్టి, ఆ మూల ఈ మూల తడుముతోంది.

"ఏటి పడిపోనాదే?" అన్నాను.

లేచి, పక్కవాళ్ళకి వినపడకూడదన్నట్టు నా చెవి దగ్గరకొచ్చింది.

"అమ్మా, ఈ బస్సులో కూడా దిమ్మ నేదు."