టాపు ఉస్తాద్ మాఫీ ఇవ్వలేదు

పోయిన శుక్రవారం పొద్దున నేను మోటారు అడ్డా పక్కన నా బల్ల ముందు కూర్చుని ఒక రైతుకు అర్జీ రాసి పెడుతున్నాను. చాయ్ హోటలాయన వచ్చి నా మీదికి వంగి, "మున్షీ, టాపు ఉస్తాద్ పోయిండు. తెల్లారంగనే పానం పోయిందంట" అన్నాడు. రాస్తున్న వాక్యం సగంలో ఆగిపోయింది. ఆ రైతును రేపు రమ్మని చెప్పి లేచాను.

మధ్యాహ్నం నమాజు అయ్యాక ఖబరస్తాన్‌కు తీసుకుపోయారు. అడ్డా మీది హమాలీలు, డ్రైవర్లు, ఝరాసంగం నుంచీ రాయికోడ్ నుంచీ వచ్చిన రైతులు, అందరూ వెంట నడిచారు. మట్టి వేయడం పూర్తయ్యాక మోటారు సేటు ముందుకు వచ్చాడు. జహీరాబాదు నుంచి చుట్టుపక్కల ఊళ్లకు తిరిగే బస్సుల్లో నాలుగు ఆయనవే. పది మందికి వినబడేలా, "మంచి మనిషి. మా నడుమ ఎన్ని లొల్లులున్నా, పొయ్యేటప్పుడు నన్ను మాఫ్ చేసి పోయిండు" అన్నాడు. కొందరు తలలూపారు. గోరీ మీద చల్లిన నీళ్లు ఇంకా ఇంకలేదు. అక్కడ గొంతు పెంచడం బాగుండదని ఊరుకున్నాను.

ఊరుకున్నది అక్కడివరకే. ఆ మాట అబద్ధం. పోయినవారిని తలచుకునేటప్పుడు పగలు పక్కన పెట్టాలంటారు. నేను పెట్టను. ఉస్తాద్ మోసిన పగలో సగం నాది. దాన్ని ఆయనతో కలిపి పూడ్చే హక్కు సేటుకు లేదు.

ఉస్తాద్ పని బస్సు టాపు మీద సామాను కట్టడం. మూటలు అందించే హమాలీలు ఎందరో ఉండేవారు గానీ, ఏది ఎక్కడ పెట్టాలో, తాడు ఎటునుంచి ఎటు తిప్పాలో చెప్పేది ఆయనొక్కడే. మూట పైకి రాగానే ముందు ఒక చేత్తో లేపి చూసేవాడు. తరువాత "ఇండ్ల ఏమున్నది?" అని కిందికి అరిచేవాడు. బరువైనవాటిని టాపు నడుమ, అడుగున పరిచేవాడు. తేలికవి వాటి మీద. కుడివైపు ఒక బెల్లం బస్తా పెడితే, ఎడమవైపు దానికి సరితూగేది పెట్టేదాకా రెండో బస్తా ముట్టేవాడు కాదు. వెనక అంచున బరువు వేయనిచ్చేవాడు కాదు. మరీ బరువైనదాన్ని అసలు టాపు ఎక్కనిచ్చేవాడే కాదు. "బరువు మనుషుల కాళ్ల కాడ ఉండాలె, నెత్తి మీద కాదు" అనేవాడు.

ఇనుముకు తాడు తగిలే ప్రతిచోటా గోనె ముక్క మడిచి పెట్టేవాడు. అందుకోసం ఆయన భుజాన ఎప్పుడూ నాలుగైదు గోనె ముక్కలు వేలాడుతుండేవి. ఎన్ని మూటలున్నా అన్నిటికీ కలిపి ఒకే తాడు వేసేవాడు కాదు. ఒకటి తెగితే మిగతావి నిలవాలి కదా అనేవాడు. ఆయన వేసిన ముడి కొసను పట్టి ఒక్క గుంజు గుంజితే విడిపోయేది, కానీ ఎన్ని గుంతల్లో బస్సు ఎగిరినా సడలేది కాదు. "చెయ్యి గుంజితె ఊడాలె, బరువు గుంజితె ఊడొద్దు. గదీ ముడంటె" అని ఒకసారి నాకు నేర్పబోయాడు. నాకు రాలేదు.

ఆయన అలవాట్లలో నాకు బాగా గుర్తున్నది ఇంకొకటి. కట్టడం అయిపోయి కిందికి దిగాక, బస్సు చుట్టూ ఒక చుట్టు తిరిగి, కిటికీల్లోంచి లోపల కూర్చున్నవాళ్ల ముఖాలు చూసేవాడు. ముసలివాళ్లను, పిల్లల తల్లులను, అందరినీ. తరువాత బస్సు పక్క రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టేవాడు. ఆ రెండు దెబ్బలు వినబడితేగానీ మా అన్న బండి కదిలించేవాడు కాదు.

మా అన్న సేటు దగ్గర డ్రైవరు. ఉస్తాద్‌కూ ఆయనకూ పదేళ్ల దోస్తీ. ఒకరు పైన, ఒకరు కింద. ఊరు దాటి నాలుగైదు మైళ్లు పోయాక అన్న బండి ఆపేవాడు, వెనక నిచ్చెన పట్టుకుని వచ్చిన ఉస్తాద్ పైకెక్కి తాళ్లన్నీ మళ్లీ బిగించేవాడు. కదిలిన బరువు సర్దుకుని తాడు వదులు చేస్తుందని ఇద్దరికీ తెలుసు. ప్రయాణికులు గొణుక్కునేవారు. ఇద్దరూ పట్టించుకునేవారు కాదు.

యుద్ధం వచ్చింది. పెట్రోలు కరువై, బస్సు వెనక బొగ్గుల పొయ్యి బిగించి ఆ గ్యాసుతో నడిపే రోజులు వచ్చాయి. బండ్లు తగ్గాయి, ఎక్కేవాళ్లు పెరిగారు. ఎంత దొరికితే అంత ఎక్కించమని సేటు, కుదరదని ఉస్తాద్, రోజూ ఇదే గొడవ. అలాంటి రోజుల్లో రాయికోడ్ వైపు ఒక దొరకు చెరకు ఆడించే ఇనుప గానుగ చేరవేస్తానని సేటు మాటిచ్చాడు. మూడు ఇనుప దిమ్మలు, వాటి చట్రం. ఒక్కో దిమ్మను లేపాలంటే నలుగురు కావాలి.

ఆ రోజు నేను ఊళ్లో లేను. కచేరీ పని మీద బీదరు పోయాను. సాయంత్రం తిరిగి వచ్చేసరికి అడ్డాలో ఒక్క మనిషీ నా ముఖం చూడలేదు. రాయికోడ్ బాట దిగుడులో, తాళ్లు బిగించడానికి ఆగే చోటుకు ముందే, మలుపు దగ్గర బస్సు ఒరిగి పడిపోయింది. ముగ్గురు పోయారు. అందులో మా అన్న ఒకడు. స్టీరింగుకూ సీటుకూ నడుమ ఇరుక్కున్న మనిషిని బయటికి తీయడానికి రెండు గంటలు పట్టిందట. మా వదిన ఇంటి గడపలో కూర్చుని, ఎవరు వచ్చినా, "బండి మెల్లగనే తోల్తడు గద, మెల్లగనే తోల్తడు గద" అని అదే మాట అంటూ ఉండింది.

మరుసటి రోజే సేటు మా ఇంటికి వచ్చాడు. నా భుజం మీద చెయ్యి వేసి, "ఉస్తాద్ కట్టిన ముడులు ఊడినయ్ మున్షీ. తాగి కట్టిండో ఏమో. నేను ఊకోను" అన్నాడు. ఊరుకోలేదు కూడా. ఠాణాలో పెత్తనం చేసే అమీన్ ఆయనకు కావలసినవాడు. ఉస్తాద్‌ను తీసుకుపోయి మూడు నెలలు లోపల పెట్టారు.

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ రాయాలి. నేను సేటు మాట నమ్మాను. పదేళ్లుగా ఆ మనిషి పని చూస్తూ కూడా నమ్మాను. అన్న పోయిన కోపానికి ఒక మనిషి కావాలి. సేటు మనిషిని చూపించాడు. ఆ మూడు నెలలూ ఉస్తాద్ విడుదల కోసం ఆయన భార్య ఎంత ఎదురుచూసిందో నేనూ అంతే ఎదురుచూశాను. ఆయన బయటికి వచ్చిన పొద్దున, గ్యాసు పొయ్యిలో బొగ్గులు కెలికే ఇనుప చువ్వ పట్టుకుని వాళ్ల గల్లీ మొదట నిలబడ్డాను.

మనిషి సగం అయిపోయాడు. ఎడమ చెయ్యి పైకి లేవడం లేదు. నా చేతిలో చువ్వ చూశాడు, నన్ను చూశాడు.

"కొట్టు బేటా. కాని ముందుగాల ఒక్కపారి నాతోని రా. చూసినంక గూడ కొట్టబుద్ధయితె, నేను చెయ్యి అడ్డం పెట్ట" అన్నాడు.

ఎందుకు పోయానో చెప్పలేను. ఇద్దరం ఆ మలుపు దాకా నడిచాం. పొద్దెక్కేసరికి చేరాం. దారి పొడుగునా ఆయన ముందు, చువ్వతో నేను వెనక. పనికొచ్చే భాగాలు ఊడదీసుకుని, బస్సు ఒంటిని అక్కడే వాగు ఒడ్డున వదిలేశారు. టాపు కమ్మీకి తాడు ముక్క ఇంకా ఉంది. ఉస్తాద్ మోకాళ్ల మీద కూర్చుని దాన్ని నా చేతికిచ్చాడు.

"ముడి విప్పు" అన్నాడు.

గుంజాను. రాలేదు. గోళ్లతో లాగాను, పళ్లతో పట్టాను. రాలేదు. ఒకదాని మీద ఒకటి ఇష్టం వచ్చినట్టు బిగించిన ముడులు.

"నా ముడి విప్పనీకె పండ్లు కావాల్నా? ఇగ కొస చూడు."

తాడు కొస పీచు పీచుగా ఉంది. ఇనుప చట్రం అంచుకు రాసుకుని రాసుకుని తెగింది. దాని కింద గోనె ముక్క లేదు, చుట్టుపక్కల ఎక్కడా లేదు.

అప్పుడు చెప్పాడు. "మనుషులున్న బండి మీద గీ ఇనుము ఎక్కియ్య, ఎడ్ల బండ్ల మీద తోలియ్యి అని సేటుకు చెప్పిన. నువ్వు పోతె ఇంకోడు కడ్తడన్నడు సేటు. నేను ఇంటికి పోయిన. నిజంగనే కట్టిపిస్తడనుకోలేదు. మీ అన్నకు ఒక్క మాట చెప్పి పోతె అయిపోతుండె. గది నా తప్పు. గంతే నా తప్పు."

చువ్వను వాగులో పారేశాను.

మిగతాది ఆరోజు దిమ్మలు ఎత్తిన హమాలీ ఒకడు తరువాత నాకు చెప్పాడు, ఏడుస్తూ చెప్పాడు. సామాను సేటు గోదాము ముందు ఎక్కించారు. సేటు కింద నిలబడి తొందర పెట్టి కట్టించాడు. అన్న చాయ్ తాగి వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు, టాపు వంక చూడలేదు. చూడవలసిన అవసరం ఆయనకు పదేళ్లలో ఎన్నడూ రాలేదు. అప్పుడు సేటు బస్సు వెనకనుంచి పక్క రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు. అన్న బండి కదిలించాడు.

ఆ రెండు దెబ్బల గురించి నేను ఎన్ని అర్జీలు రాశానో లెక్కలేదు. ఉర్దూలో రాశాను, తెలుగులో రాశాను. సేటు పేరు రాసేటప్పుడు కలం కాగితాన్ని చింపేది. ఒక్కదానికీ జవాబు రాలేదు. చెప్పిన హమాలీ కూడా కచేరీ మెట్లెక్కడానికి భయపడ్డాడు.

ఉస్తాద్ పగ మరో విధంగా తీర్చుకున్నాడు. ఆయనకు మళ్లీ పని ఇచ్చేవారు లేరు, చెయ్యి కూడా సహకరించదు. ఆయన భార్యను నేను చాచీ అంటాను. ఆమె బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. ఈయన పొద్దున్నే వచ్చి అడ్డాలో నా బల్ల పక్కన కూర్చునేవాడు. సేటు బస్సు బయలుదేరేముందు లేచి దాని చుట్టూ ఒక చుట్టు తిరిగేవాడు. కట్టు బాగుంటే వచ్చి కూర్చునేవాడు. బాగాలేకపోతే కిటికీ దగ్గర నిలబడి లోపలివాళ్లతో, "గీ బండి మీద పోకున్రి. ఎనక బరువు ఎక్కువున్నది" అని మామూలు గొంతుతో చెప్పేవాడు. అంతే. అరుపులు లేవు, తిట్లు లేవు. జనం దిగిపోయేవారు. సగం నిండిన బస్సు ఖాళీ అయ్యేది. సేటు మనుషులు ఆయన్ని రెండుసార్లు నెట్టేశారు. లేచి, ధూళి దులుపుకుని, పక్క కిటికీకి పోయి అదే మాట చెప్పాడు. అలా ఏళ్ల తరబడి. సేటు బస్సులు ఒకప్పుడు తొమ్మిది. నాలుగయ్యాయి. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు చల్లగా ఉంటుంది.

రాజ్యం మారింది, అమీన్లు మారారు. పోయిన ఏడు ఝరాసంగం జాతరకు పోయే బస్సు ఒకటి అడ్డాలో నిలబడింది. లోపల అంతా ఆడవాళ్లు, పిల్లలు. పైన వంట పాత్రలు, కట్టెలు, బియ్యం బస్తాలు ఒకే పక్కకు గుట్టపోసి ఉన్నాయి. ఉస్తాద్ చెప్పాడు. కానీ జాతర రోజు, ఇంకో బండి లేదు. ఎవరూ దిగలేదు. ఆయన కాసేపు వాళ్ల ముఖాలు చూశాడు. తరువాత ఒంటి చేత్తో నిచ్చెన పట్టుకుని పైకెక్కాడు. మొత్తం సామాను దింపించి, మళ్లీ ఎక్కించి, హమాలీల చేత తాళ్లు పట్టించి, ముడులు మాత్రం తానే పళ్లతోనూ కుడిచేత్తోనూ వేశాడు.

సేటు అంతా చూశాడు. ఉస్తాద్ దిగగానే దగ్గరికి వచ్చి, "ఇంత చేసినవు. ఇగ పాతది మరిచిపో, మాఫ్ చెయ్" అన్నాడు.

"నీ కోసం కట్టలే" అన్నాడు ఉస్తాద్. "మాఫీ కావాల్నా? జనమున్నరు. గానుగ కట్టిపిచ్చింది ఎవలో, రేకు మీద కొట్టింది ఎవలో ఈడ నిలవడి చెప్పు. మున్షీ ముంగట చెప్పు."

నేను లేచి నిలబడ్డాను. సేటు నన్ను చూశాడు, కిటికీల్లోంచి చూస్తున్న ఆడవాళ్లను చూశాడు. ఆ తరువాత, "బండికి ఆలస్యమైతున్నది" అని గొణిగి గోదాము వైపు వెళ్లిపోయాడు. సేటు ఇప్పుడు చెప్పుకుంటున్న మాఫీ కథలో సగం ఇదే.

మిగతా సగం పోయిన నెలలో జరిగింది. దవాఖానలో ఇక లాభం లేదని ఉస్తాద్‌ను ఇంటికి పంపేశారు. మంచం వాకిట్లో వేశారు. నేను పక్కనే ఉన్నాను. సేటు ఒక బుట్ట నిండా దానిమ్మ పండ్లు తెచ్చి మంచం కింద పెట్టించాడు. ఉస్తాద్ చెయ్యి పట్టుకుని, "మాఫ్ చేసినవా?" అని అడిగాడు. ఉస్తాద్ కళ్లు మూసుకున్నాడు. సేటు కాసేపు చూసి, కళ్లు తుడుచుకుని, "చేసిండు" అని నాతో చెప్పి వెళ్లిపోయాడు.

చెప్పుల చప్పుడు గల్లీ చివరిదాకా పోయాక ఉస్తాద్ కళ్లు తెరిచాడు. చాచీని పిలిచి, "గా పండ్లు పగలగొట్టి మేకకెయ్" అన్నాడు.

"అన్నీనా?" అంది చాచీ.

"అన్ని."

ఆమె గడప మీద కూర్చుని ఒక్కొక్క పండూ రాయితో పగలగొట్టి వేసింది. మేక తలెత్తకుండా తింటోంది. మూతి ఎర్రబడి, గడ్డం వెంట్రుకల నుంచి రసం నేల మీదికి కారుతోంది. ఉస్తాద్ తనను పక్కకు తిప్పమన్నాడు. తిప్పాను. బుట్టలో ఆఖరి పండు అయిపోయేదాకా, రెప్ప వేయకుండా, మేకనే చూస్తూ పడుకున్నాడు.