నీళ్లు లేని చెరువు చూపించిన నీరుగంటి

మా ఊళ్లో చెరువు నీళ్లు పొలాలకు పంచే నీరుగంటి తాత గుర్తొస్తే నాకిప్పటికీ కడుపు మండుతుంది. కట్టమీది శాసనం చదవగలిగిన అయ్యవారిని పది తాలూకాలకూ నేనొక్కణ్ణే. అయినా మైదుకూరు నుంచి చెరువు చూడవచ్చినవాళ్లు సైతం నన్నొదిలి, అక్షరం రాని ఆయన చెప్పే చెరువు కథల కోసం ఆయన చుట్టూ మూగేవారు.

ఒక కరువు ఏడు చెరువు నెర్రెలు బారింది. అప్పుడే జిల్లా దొర చూడవచ్చాడు. ఇక తాత పరువు పోయి, నా చరిత్రకు మంచిరోజులొచ్చాయని చెరువుకు పరుగెత్తాను.

తాత అలవాటుగా అరచెయ్యి నుదుటికి ఆనించాడు. “రాజు కట్టించిన నాటి నీళ్లు చూడు దొరా! అదో, ఏనుగంత అల వస్తాండాది, జరుగు!”

దొర బూట్లు విప్పి చంకన పెట్టుకున్నాడు. నేను పగలబడి నవ్వాను.

“నవ్వింది చాలు గానీ, పంచె దించుకో అయివారూ,” అన్నాడు తాత. “ఈడ నీళ్లు యాడుండాయి?”

చూసుకుంటే నా పంచె మోకాళ్ల పైన ఉంది. రెండు చేతులతో నేనే ఎత్తి పట్టుకుని ఉన్నాను.